రాత చేతికొచ్చాకే వెబ్‌సైటు

శ్రోతలకు నమస్కారం.

కర్నూలు, అనంతపురం, కడప ఊళ్లలో ఇంట్లో కూర్చునే వెబ్‌సైట్లు చేసి, వాటికి కావలసిన రాత కూడా రాసిచ్చే యువతీయువకులు ఉన్నారు. కోడింగ్ నేర్పేవాళ్లు దండిగానే దొరుకుతారు. ఆ పనిని వ్యాపారంగా నడపడం ఎట్లాగో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ కాస్త సమయంలో ఒక్క సంగతే మాట్లాడుకుందాం. వెబ్‌సైటు పని ఎక్కడ ఆగిపోతుంది? చాలాసార్లు రాత దగ్గర ఆగిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అనంతపురంలో కట్టెగానుగ నడిపే ఆసామి ఒకాయన ఫోన్ చేశాడనుకోండి. "ఏమప్పా, నాకొక వెబ్‌సైటు చేసిస్తావా? ఎంతయితాది?" మనవాళ్లు అక్కడికక్కడే 30,000 అనేస్తారు. ఆయన సరేనంటాడు. వారంలో డిజైన్ తయారవుతుంది. రాత ఉండాల్సిన చోట ఏవో ఉత్తుత్తి ఇంగ్లీషు అక్షరాలు పెట్టి, "అన్నా, మీ గానుగ గురించి కొంచెం రాసి పంపండి" అని వాట్సాప్‌లో అడుగుతారు. "రేపు పంపిస్తాలేప్పా" అంటాడాయన. నెల గడుస్తుంది, రెండు నెలలు గడుస్తాయి. ఆయనకు నూనె తీయడం వచ్చు, రాయడం అలవాటు లేదు. తప్పు ఆయనది కాదు. పని ఆగిపోతుంది, మనకు రావలసిన డబ్బూ ఆగిపోతుంది.

ఇదే పనిని తిరగేసి చేయండి. రాత ముందు, డిజైన్ తర్వాత.

గానుగకే వెళ్లండి. గంటసేపు ఆయన దగ్గర కూర్చోండి. ఆయన్ని అడిగి, ఫోన్‌లో మాటలు రికార్డు చేసుకోండి. "మీ నూనె ప్రత్యేకత ఏంది?" అంటే "అంతా స్వచ్ఛమేనప్పా" అంటాడు. ఆ మాట ఏ సైటుకైనా సరిపోతుంది, అంటే ఆయన సైటుకు పనికిరాదు. "కొనేవాళ్లు మిమ్మల్ని ఏమడుగుతారన్నా?" అని అడగండి. అప్పుడు కట్టలు తెంచుకుంటాయి మాటలు. సీసా అడుగున మడ్డి ఎందుకుంది అని అడుగుతారంటాడు. నూనెను రెండు మూడు రోజులు తేర్చినా కొంచెం మిగులుతుందంటాడు. ధర ఎక్కువెందుకు అని అడుగుతారంటాడు. లీటరు నూనెకు దాదాపు రెండున్నర కేజీల విత్తనాలు పోయాలి మరి, అంటాడు. అదిగో, మీకు కావలసిన రాత అదే. ఆ ప్రశ్నలే పేజీలవుతాయి, ఆయన జవాబులే పేరాలవుతాయి. వచ్చేటప్పుడు ఆహార భద్రత లైసెన్సు నంబరు, 14 అంకెలది, ఫొటో తీసుకుని రండి. సీసాల పరిమాణాలు, ధరలు, పార్సిల్ ఏ ఊళ్లకు పంపుతారో కూడా అప్పుడే రాసుకోండి.

రాత పూర్తయ్యాక ఆయనకు చదివి వినిపించండి. చదవమని పంపితే రెండు వారాలు పడుతుంది, వినిపిస్తే పావుగంట. మార్పులుంటే రెండు విడతలు చేసిస్తామని ముందే చెప్పండి. మూడో విడతకు అదనంగా ఎంతో కూడా ముందే చెప్పండి. చివరికి "ఇది సరిపోయింది" అని ఆయన చేత వాట్సాప్‌లో ఒక్క వాక్యం పెట్టించుకోండి. డిజైన్ అప్పుడు మొదలుపెట్టండి.

డబ్బు కూడా ఈ మెట్ల ప్రకారమే. ముందుగా బిల్లులో రాతకు ఒక ధర, వెబ్‌సైటుకు ఒక ధర విడివిడిగా చూపండి. రాతను ఉచితంగా కలిపేస్తే, అది ఉచితమైన పనేనని ఆయన అనుకోవడంలో తప్పులేదు. 30,000లో 12,000 అడ్వాన్సు, రాత ఒప్పుకున్నాక 9,000, సైటును ఇంటర్నెట్‌లో ఆయన సొంత సైటు పేరు మీదికి ఎక్కించే ముందు 9,000. ఎక్కించే ముందు అన్నాను, గమనించండి. ఎక్కించాక అడిగే డబ్బు వసూలు కావడం కష్టం. జీఎస్టీ గురించి ఒక్క మాట: సేవల మీద ఏడాది రాబడి 20 లక్షల లోపుంటే మామూలుగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు బిల్లులో జీఎస్టీ వేయకూడదు.

ఒప్పందం ఒక పేజీ చాలు, కానీ కాగితం మీద ఉండాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగిగా కాకుండా బయట నుంచి రాసిచ్చినవాళ్లదే ఆ రాత మీద, ఆ కోడ్ మీద మొదటి హక్కు. ఆ హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని చట్టం లెక్క. కాబట్టి "చివరి వాయిదా అందాక హక్కులన్నీ శాశ్వతంగా ఆసామివి" అని స్పష్టంగా రాయండి. అది ఆయనకూ మేలు, మనకూ మేలు.

తెలుగు రాతలో ఒక చిక్కు ఉంది. ఆసామి పాత కరపత్రం ఫైలు ఇస్తాడు, డీటీపీ షాపులో 'అను' అనే పాత తెలుగు ఫాంట్‌లో కొట్టించింది. దాన్ని సైటులో అతికిస్తే అక్షరాలకు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగా కనపడే పద్ధతిలోకి మార్చాలి, మార్చాక వాక్యం వాక్యం చదివి చూడాలి, ఎందుకంటే వత్తులు అక్కడే తప్పిపోతాయి. పంక్తుల మధ్య ఎడం కూడా ఇంగ్లీషుకు పెట్టినంత చాలదు. అక్షరం ఎత్తుకు 1.6 నుంచి 1.8 రెట్లు ఉంచితే కింది వత్తులు తెగిపోకుండా కనపడతాయి. ఫోన్‌లో తీసిన ఫొటోలు నాలుగైదు ఎంబీలుంటాయి, వాటిని 200 కేబీ దాకా తగ్గించండి. పల్లెలో సిగ్నల్ సరిగా లేనివాళ్లకూ సైటు తెరుచుకోవాలి కదా.

చివరగా డొమైన్, అంటే సైటు పేరు. దాన్ని ఆసామి పేరు మీద, ఆసామి ఈమెయిల్‌తో, ఆసామి ఫోన్ నంబరుతోనే కొనండి. మీ పేరు మీద కొంటే, రేపు మీరు ఊరు మారితే ఆయన వ్యాపారం ఇరుక్కుపోతుంది. గడువు తేదీని ఒప్పందం కాగితం వెనక రాసివ్వండి, నెల ముందు ఫోన్ చేసి గుర్తుచేయండి. గడువు దాటిన డాట్ కామ్ పేరును కొన్నాళ్లు మామూలు ధరకే తిరిగి తీసుకోవచ్చు. ఆ రోజుల సంఖ్య పేరు అమ్మిన కంపెనీని బట్టి మారుతుంది. అది దాటితే మరో 30 రోజుల దాకా తిరిగి తీసుకోవచ్చు గానీ, పెద్ద మొత్తం అదనంగా కట్టాలి. ఆపైన 5 రోజులకు ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు.

నమస్కారం.