ఉష్ణమోచకం, ఉష్ణగ్రాహకం: యూరియాతో, సున్నంతో తేల్చుకుందాం

నమస్కారం. ఉష్ణమోచక చర్య అంటే వేడిని బయటికి వదిలేది, ఉష్ణగ్రాహక చర్య అంటే వేడిని లోపలికి తీసుకునేది. ఈ నిర్వచనం అందరికీ నోటికొస్తుంది. తప్పులన్నీ ఉదాహరణల దగ్గరే మొదలవుతాయి. అందుకే గోదావరి డెల్టాలో ఏ ఊళ్లోనైనా దొరికే రెండు సరుకులు తీసుకుందాం: వరి చేలో వేసే యూరియా, చేపల చెరువు ఎండగట్టాక చల్లే సున్నం.

ముందు యూరియా. థర్మోకోల్ కప్పులో 200 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. స్టీలు గ్లాసు వద్దు, బయటి వేడి గోడలోంచి లోపలికి వచ్చేసి కొలత చెడిపోతుంది. జ్వరం చూసే థర్మామీటరూ పనికిరాదు, అంత కిందికి చూపదు. ల్యాబు థర్మామీటరుతో నీటి ఉష్ణోగ్రత రాసుకోండి, 30 డిగ్రీలు అనుకుందాం. ఇప్పుడు 40 గ్రాముల యూరియా ఒకేసారి వేసి పుల్లతో కలపండి. థర్మామీటరుతో కలిపితే గాజు బుడ్డి పగులుతుంది.

చూడండి, పాదరసం దిగుతోంది. యూరియా పొడిగా ఉంటే 8 నుంచి 10 డిగ్రీల దాకా పడుతుంది. చెమ్మ తగిలి గడ్డకట్టిన యూరియా మెల్లగా కరుగుతుంది, ఈలోపు బయటి వేడి చేరిపోయి తక్కువ పడుతుంది. యూరియా గుళికల మీది వేపనూనె పూత వల్ల నీళ్లు కాస్త మసకబారినా కంగారు వద్దు, ఫలితం మారదు.

ఇక్కడ చల్లదనం ఎక్కడి నుంచో రాలేదు. యూరియా స్ఫటికంలో అణువులను విడదీయడానికి శక్తి కావాలి. ఆ అణువులు నీటితో కలిసినప్పుడు కొంత శక్తి తిరిగి వస్తుంది కానీ చాలదు. ఆ తక్కువైనది, గ్రాముకి దాదాపు 250 జౌళ్లు, నీళ్ల నుంచే తీసుకుంటుంది. మంట పెట్టకుండానే ఉష్ణగ్రాహకం! కాబట్టి "వేడి చేస్తేనే ఉష్ణగ్రాహకం" అని ఎప్పుడూ రాయకండి. ఇంకో జాగ్రత్త: కరగడం రసాయన చర్య కాదు, దీన్ని ఉష్ణగ్రాహక ప్రక్రియ అనండి.

ఇప్పుడు సున్నం బట్టీ. సముద్రపు గుల్లలైనా, సున్నపురాయైనా, రెండూ ప్రధానంగా కాల్షియం కార్బొనేటే. దాదాపు 900 డిగ్రీల దగ్గర అది పొడి సున్నంగా (కాల్షియం ఆక్సైడ్), కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. 100 గ్రాములకు, అంటే ఒక మోల్‌కు, సుమారు 178 కిలోజౌళ్లు తీసుకుంటుంది. మంట కనిపించింది కదా అని చాలామంది దీన్ని ఉష్ణమోచకం అంటారు. బట్టీలో జరిగేవి రెండు చర్యలు: బొగ్గు మండడం ఉష్ణమోచకం, గుల్ల విడిపోవడం ఉష్ణగ్రాహకం. బొగ్గు ఆరిపోతే గుల్ల విడిపోవడమూ ఆగిపోతుంది. వరిగడ్డి సంగతి వేరు. ఒక్క అగ్గిపుల్ల చాలు, తర్వాత తన వేడితోనే తగలబడుతుంది. మొదలుపెట్టడానికి వేడి కావలసినంత మాత్రాన అది ఉష్ణగ్రాహకం కాదు.

చర్యలో వేడి మార్పుని డెల్టా హెచ్ అంటారు. దాని గుర్తు ఎప్పుడూ చర్యలో పాల్గొనే పదార్థాల వైపు నుంచి చూసి పెట్టాలి. అవి వేడిని పోగొట్టుకుంటే డెల్టా హెచ్ రుణాత్మకం, తీసుకుంటే ధనాత్మకం. పాత్ర వేడెక్కింది కదా అని ధన గుర్తు పెడితే మార్కు పోతుంది.

ఇక పొడి సున్నానికి నీళ్లు తగిలినప్పుడు. 56 గ్రాముల నుంచి దాదాపు 65 కిలోజౌళ్లు బయటపడతాయి. కిలోకి లెక్క వేస్తే 1,160 కిలోజౌళ్ల దాకా, దాదాపు నాలుగు లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తెచ్చేంత వేడి. అందుకే బకెట్టెడు సున్నం మీద చెంబెడు నీళ్లు పోయడం ప్రమాదం. ఆ కాస్త నీళ్లు అక్కడికక్కడే ఆవిరై, సున్నాన్ని ముఖం మీదికి చిమ్ముతాయి. ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు నింపి, గాలి మీ వెనక నుంచి వీచేలా నిలబడి, సున్నం కొద్దికొద్దిగా వేయండి. కిలోకి పది లీటర్లకు తగ్గకూడదు. ప్లాస్టిక్ బకెట్టు మెత్తబడుతుంది. మూత బిగించిన సీసాలో అయితే ఆవిరికి దారి లేక సీసా పేలుతుంది, పిల్లలకు అందనివ్వకండి.

నీళ్లు పోసినా వేడెక్కకపోతే అది పాత సున్నం. గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను ముందే పట్టేసి ఉంటుంది. చెరువుకి కొనేటప్పుడు చిన్న గడ్డ మీద నాలుగు చుక్కలు వేసి చూడండి, బుసబుసమని పగిలి పొడి కావాలి.

ఒంటి మీద పొడి సున్నం పడితే వెంటనే తడి చేతితో రుద్దకండి. ముందు పొడి గుడ్డతో దులిపి, తర్వాత ధారాళంగా నీళ్లు పోయండి. కంట్లో పడితే మాత్రం ఆగకుండా నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.