కన్ను గుర్తు నొక్కి చూడండి

శ్రోతలందరికీ నమస్కారం.

కిందటి శ్రావణమాసంలో ఒకరోజు పొద్దున్నే మా పెద్దమ్మ ఫోన్ చేసింది. గుంటూరు బ్రాడీపేటలో ఉంటుంది. తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. "నాన్నా, నాకు మతిమరుపు వచ్చేసిందిరా. నిన్నటిదాకా రోజూ కొట్టిన పాస్‌వర్డే. ఇవాళ ఎన్నిసార్లు కొట్టినా తప్పంటోంది" అంది. గొంతు వణుకుతోంది.

ఆ కంప్యూటర్లో ఏముందో మీకు చెప్పాలి. మా అమ్మమ్మ పేరంటాల్లో పాడిన మంగళహారతులు, లాలిపాటలు, అప్పగింతల పాటలు. పెద్దమ్మ మూడేళ్ళుగా ఒక్కొక్కటీ గుర్తు చేసుకుని టైపు చేస్తోంది. 140 దాకా అయ్యాయి. ఇంకెక్కడా రాసిపెట్టుకోలేదు.

పక్కింటి అబ్బాయి సాయం చేద్దామని ఒక రిపేరు షాపుకు ఫోన్ చేశాడట. "పాస్‌వర్డ్ మర్చిపోతే ఫార్మాట్ కొట్టాల్సిందే" అన్నారట వాళ్ళు. ఫార్మాట్ అంటే ఏమిటో పెద్దమ్మకు తెలియదు. పలక మీద తడిగుడ్డ పెట్టి తుడిచినట్టే. నాకు గుండె ఝల్లుమంది. "నేను చెప్పేదాకా దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకు పెద్దమ్మా" అన్నాను. నేనుండేది విజయవాడలో. అప్పటికప్పుడు బయల్దేరలేను. అందుకని ఫోన్లోనే మొదలుపెట్టాం.

"క్యాప్స్ లాక్ లైటు వెలుగుతోందా? అది పడితే అన్నీ పెద్దక్షరాలే వస్తాయి."

"లేదురా."

"సరే. పాస్‌వర్డ్ కొట్టు, ఎంటర్ మాత్రం నొక్కకు. ఆ గడికి కుడిచివర చిన్న కన్ను బొమ్మ వస్తుంది. మౌస్‌తో దాన్ని నొక్కి పట్టుకో. చుక్కలు పోయి అక్షరాలు కనిపిస్తాయి. నాకు చదివి వినిపించొద్దు, నువ్వే చూసుకో."

కాసేపు మాట లేదు. తర్వాత గట్టిగా వినపడింది. "ఒరే, ఇందులో తెలుగు ఉందేంట్రా!"

అదీ సంగతి. పెద్దమ్మ వేళ్ళు కొట్టింది సరైన మీటలే. కంప్యూటర్ మాత్రం తెలుగు కీబోర్డులో ఉండిపోయింది. విండోస్‌లో వచ్చే తెలుగు కీబోర్డులో జె మీట నొక్కితే ర పడుతుంది. హెచ్ నొక్కితే ప, ఎల్ నొక్కితే త. తెరమీద కనిపించేవి చుక్కలే కాబట్టి, ఏ భాషలో పడుతున్నాయో వాటిని చూసి తెలిసే దారి లేదు. చాలా కంప్యూటర్లలో ఆల్ట్, షిఫ్ట్ రెండూ కలిసి నొక్కుకుంటే చాలు, భాష మారిపోతుంది. పెద్దక్షరం కోసం షిఫ్ట్ నొక్కబోతే పక్కనున్న ఆల్ట్ మీద కూడా వేలు పడుతుంది. ఎవరికైనా జరుగుతుంది.

"కింద కుడిమూల భాష గుర్తు ఉంటుంది, దాని మీద నొక్కి ఇంగ్లీషు ఎంచుకో" అన్నాను. ఎంచుకుంది. పాస్‌వర్డ్ కొట్టింది. తెరుచుకుంది.

పాటలున్నాయా లేవా అని కూడా చూడలేదు పెద్దమ్మ. ముందు అన్నమాట ఇది: "అయితే నాకు మతిమరుపు రాలేదన్నమాట."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. యంత్రం "తప్పు" అని చూపించగానే మన పెద్దవాళ్ళు తప్పు తమలోనే వెతుక్కుంటారు. వయసైపోయింది అనుకుంటారు. పిల్లల్ని అడగడానికి మొహమాటపడతారు. అందుకే ఈ ఒక్క మాట మళ్ళీ చెబుతున్నాను. పాస్‌వర్డ్ తప్పు అని వస్తే, ముందు కన్ను గుర్తు నొక్కి చూడండి. మీరు కొట్టిందేమిటో మీ కళ్ళతో చూడండి. క్యాప్స్ లాక్ పడినా అందులో తెలిసిపోతుంది. పాత ల్యాప్‌టాప్‌లలో నమ్ లాక్ పడితే జె, కె, ఎల్ మీటలకు 1, 2, 3 పడుతుంటాయి, అదీ తెలిసిపోతుంది. ఒక మీట అరిగి పనిచేయకపోయినా, అక్షరం తగ్గి కనిపిస్తుంది.

చూశారు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా తప్పంటోంది. అప్పుడు నిజంగా మర్చిపోయారేమో అనుకోవచ్చు. అప్పుడూ టెన్షన్ వద్దు. మీరు ఈమెయిల్‌తో తెరిచే మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే, ఫోన్లోనే పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. మార్చాక కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తగిలించి ఉంచండి, లేకపోతే కొత్తది తీసుకోదు. ఆ కంప్యూటర్‌కే పరిమితమైన ఖాతా అయితే, మొదట్లో మూడు ప్రశ్నలకు జవాబులు పెట్టి ఉంటారు. తప్పు పడ్డాక కింద వచ్చే రీసెట్ మాట నొక్కితే ఆ ప్రశ్నలే అడుగుతుంది. వరసబెట్టి కొడుతూ పోవద్దు. కొన్ని కంప్యూటర్లు పదిసార్లు తప్పితే పది నిమిషాలు తలుపు మూసేస్తాయి.

ఇక షాపుకు ఇవ్వక తప్పకపోతే, మొదటి మాటగా "నా ఫైళ్ళు తీసి పక్కన పెట్టండి" అనండి. మంచి మెకానిక్ అయితే డిస్కును ఇంకో కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్ళు తీసిస్తాడు. ఫార్మాట్ ఆఖరి దారి. నా దృష్టిలో ఎవరూ దాన్ని మొదటి మాటగా చెప్పకూడదు.

ఈమధ్య వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు వేసే బిట్‌లాకర్ అనే తాళం ఉంటుంది. అది పడి ఉంటే 48 అంకెల రికవరీ కీ లేకుండా మెకానిక్ కూడా ఏమీ తీయలేడు. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కంప్యూటర్ బాగా పనిచేస్తున్నప్పుడే చూసి, కాగితం మీద రాసి, బీరువాలో పెట్టుకోండి.

పెద్దమ్మ కూడా అలాగే రాసి పెట్టుకుంది. పాటలు ఇప్పుడు రెండు పెన్‌డ్రైవుల్లో ఉన్నాయి. ఒకటి బ్రాడీపేటలో, ఒకటి నా దగ్గర.

సెలవు. నమస్కారం.