పలకనివాడి దగ్గరికి ముందు

(మే 12న శ్రీకాకుళంలో నర్సింగ్ విద్యార్థినులతో మాట్లాడిన పాఠం)

అమ్మలూ, కూర్చోండి. వెనక వరసకి వినిపిస్తోందా?

మాది నాగావళి ఒడ్డునే ఊరు. మిలిటరీ నర్సింగ్ సర్వీసులో ఇరవై ఏళ్లకు పైగా చేశాను. ఇవాళ నైటింగేల్ పుట్టినరోజు. ఆమె దీపం పట్టుకున్న బొమ్మ మీ గోడ మీద చూశాను. 1854లో క్రిమియా యుద్ధమప్పుడు ఆమె 38 మంది ఆడవాళ్లతో దిగిన టర్కీలోని స్కుటారి ఆసుపత్రి కింద పొంగిపొర్లిన మురుగుకాలువల బొమ్మ మాత్రం ఎవరూ వెయ్యరు. అక్కడ తూటాల కన్నా టైఫస్, కలరా, విరేచనాలే ఎక్కువమందిని తీసుకుపోయాయి. యుద్ధంలో నర్సు పని చాలావరకు కడగడమే. మన దేశంలో మిలిటరీ నర్సింగ్ సర్వీసు 1888లో బొంబాయిలో దిగిన పదిమంది నర్సులతో మొదలైంది.

1999లో కార్గిల్ యుద్ధమప్పుడు నేను శ్రీనగర్‌లో బేస్ హాస్పిటల్లో ఉన్నాను. హెలికాప్టర్ చప్పుడు వినపడగానే చేతిలో అన్నం ముద్ద అక్కడే వదిలేసేవాళ్లం. స్ట్రెచర్లు వరసగా దింపేవారు. బూట్లు, బట్టలు కత్తెరతో కోసెయ్యాలి. వెనక వైపు కూడా తిప్పి చూడాలి, చిన్న రంధ్రం అక్కడే దాక్కుంటుంది. షెల్లు ముక్క గాయానికి వెంటనే కుట్లు వెయ్యరు, ఇది గుర్తు పెట్టుకోండి. లోపల మట్టి, బట్ట పీలికలు ఉంటాయి. పైన మూసేస్తే లోపల కండ కుళ్లి గాంగ్రీన్ పుడుతుంది. చచ్చిన కండ తీసేసి, కడిగి, తెరిచే ఉంచి, నాలుగైదు రోజులకి శుభ్రంగా కనిపిస్తేనే కుట్టు. ఆ నాలుగైదు రోజులూ గాయం నర్సుదే. వాసన మారిందా, చుట్టూ చర్మం రంగు మారిందా, ముందు తెలిసేది మనకే.

ఒకరోజు పలాస వైపు కుర్రాడొకడు కాలు విరిగి కేకలు పెడుతున్నాడు. నా మాట యాస పట్టేసి, "అప్పా, నన్నొగ్గీకు" అని చెయ్యి పట్టుకున్నాడు. మన ఊరి మాట అంత దూరంలో వినేసరికి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ రెండు స్ట్రెచర్ల అవతల ఒక ముసలి గొర్రెల కాపరి పడున్నాడు. యూనిఫాం లేదు, మూలుగు లేదు, పెదాలు తెల్లబడ్డాయి. కేకలు పెట్టేవాడికి ఊపిరి ఆడుతోందని అర్థం. కుర్రాడి వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకుని అటు వెళ్లాను. కడుపులో రక్తం కారుతోంది. ఇద్దరూ బతికారు. కుర్రాడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు బాధేసింది, ఇప్పటికీ వేస్తుంది. కానీ మళ్లీ అలాగే చేస్తాను.

సెలవు మీద ఇంటికొచ్చి ఇది నాన్నమ్మకి చెప్పాను. మన జిల్లాల నుంచి ఎంతమంది రంగం, అదే బర్మాలోని రంగూన్, వలసపోయారో మీ ఇళ్లల్లోనూ చెప్పుకునుంటారు. మా తాత రంగం హార్బర్లో బియ్యం బస్తాలు మోసేవాడు. 1941 డిసెంబర్ 23న జపాన్ బాంబులు పడ్డాక వేలమంది అరకాన్ కొండల మీదుగా నడిచారు. దారిలో కలరా. అప్పటికి మా నాన్న చంకలో బిడ్డ. ఆ నడక గురించి యాభై ఏళ్లకు పైగా ఒక్క మాట మాట్లాడని మనిషి ఆ రోజు అంది: "మీ తాత పలకడం మానీసినాడే. పోనాడని అందరూ నడిచీసినారు. నానూ నడిచీసినాను." కాసేపాగి అడిగింది: "అప్పటికి పేణముందేటి?"

నేను జవాబు చెప్పలేకపోయాను.

పలకనివాడి మెడ పక్కన రెండు వేళ్లు ఆనించి, ఊపిరికి రొమ్ము లేచి పడుతోందా అని కన్నేసి, పది సెకన్లు చూడాలి. ఆ దారిలో ఆమెకి అది చెప్పినవాళ్లు లేరు. మీకు ఇప్పుడే చూపిస్తాను. ముందు వరసలోంచి ఒకమ్మాయి వచ్చి ఈ బల్ల మీద పడుకో తల్లీ.