పెయోటీ, దాని చెల్లెలు

అందరికీ నమస్కారం.

మన పొలం గట్ల మీద నాగజెముడూ ఉంటుంది, బొమ్మజెముడూ ఉంటుంది. పేర్లు విని రెండూ చుట్టాలే అనుకుంటాం. కానీ కాక్టస్ కుటుంబంలోది నాగజెముడు ఒక్కటే, అదీ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. విరిస్తే పాలు కారే బొమ్మజెముడు వేరే కుటుంబం. ఈ రోజు చెప్పబోయేవి మాత్రం నిజంగా తోబుట్టువులు. ఒకటి లోఫోఫోరా విలియంసీ, అంటే పెయోటీ. రెండోది లోఫోఫోరా డిఫ్యూసా. దీన్ని 1967లో విడి జాతిగా నిలబెట్టింది మెక్సికో శాస్త్రవేత్త హెలియా బ్రావో.

రెండింటికీ ముళ్లుండవు. నేలకు అతుక్కుపోయిన మెత్తటి బిళ్ల, దాని మీద దూది కుచ్చులు, కింద ముల్లంగి లాంటి వేరు. పెయోటీ నీలి ఛాయలో ఉంటుంది, గులాబీ రంగు పువ్వు పూస్తుంది. డిఫ్యూసా పసుపు కలిసిన ఆకుపచ్చ, పువ్వు దాదాపు తెలుపు.

అంతరించే ముప్పున్న జీవులను లెక్కగట్టే ఐయూసీఎన్ సంస్థ ఎర్ర జాబితాలో రెండింటికీ ఒకే ముద్ర పడింది: 'వల్నరబుల్', అంటే ముప్పు అంచున ఉన్నవని. జబ్బు పేరు ఒకటే కదా అని ఇద్దరికీ ఒకే మందు రాస్తే మాత్రం కుదరదు.

పెయోటీ దక్షిణ టెక్సస్ నుంచి మెక్సికోలోని సాన్ లూయిస్ పొటోసీ దాకా విస్తరించి ఉంది. దాని గండం గిరాకీ. అందులో మెస్కలీన్ అనే, భ్రాంతులు కలిగించే రసాయనం ఉంటుంది. మెక్సికో ఆదివాసులైన విచారికా ప్రజలు దానికోసం తమ పవిత్ర ఎడారి విరికుటాకు యాత్ర చేస్తారు. అమెరికా ఆదివాసుల మత సంస్థ నేటివ్ అమెరికన్ చర్చ్‌లో అది ప్రార్థనలో భాగం. 1994 చట్టం అమెరికాలో ఆ వాడకానికి రక్షణ ఇచ్చింది. తెలిసినవాళ్లు పచ్చటి బిళ్లను నేల మట్టానికి కోసి, వేరును మట్టిలోనే వదిలేస్తారు. ఆ మొండెం నుంచి మళ్లీ తలలు వస్తాయి, ఒక్కోసారి రెండు మూడు. కత్తి కాస్త లోతుకు దిగిందా, మొక్క పోయినట్టే. నన్నడిగితే, ప్రార్థించేవాళ్ల కన్నా పశువుల మేత కోసం ట్రాక్టర్లతో నేలను వేళ్లతో సహా దున్నేసేవాళ్లే ఎక్కువ నష్టం చేశారు.

డిఫ్యూసాలో మెస్కలీన్ నామమాత్రం, ఎక్కువగా ఉండేది పెలోటీన్ అనే మరో రసాయనం. కాబట్టి ఆ గిరాకీ బెడద లేదు. కానీ దాని ఊరు చిన్నది: మెక్సికోలోని కెరెతారో రాష్ట్రంలోని ఎండు నేలలు, అంతే. కుండీలో అరుదైన మొక్క ఉండాలనే మనలాంటి సరదా మనుషులకోసం తవ్వి తీసుకెళ్లినా దానికి దెబ్బే. పైగా పెయోటీ తన పుప్పొడితో తానే గింజ కట్టగలదు, డిఫ్యూసా కట్టలేదు. చుట్టుపక్కల మొక్కలన్నీ తవ్వుకుపోయాక మిగిలిన ఒంటరి మొక్క పువ్వు పూస్తుంది. తేనెటీగ వచ్చి వాలుతుంది కూడా. గింజ మాత్రం పడదు.