గోడ దగ్గర తేలిపోతుంది

వేదిక మీది పెద్దలకు, కోచ్‌లకు, తల్లిదండ్రులకు నమస్కారం. పేరుపేరునా చెబితే ఎండ నడినెత్తికొస్తుంది, మన్నించండి.

కీళ్ల కదలిక గురించి చెప్పమన్నారు. కబడ్డీ ఆడేవాళ్లకు ముందు చూడాల్సింది చీలమండ. గోడకు ఎదురుగా నిలబడి, బొటనవేలికీ గోడకూ మధ్య పది సెంటీమీటర్లు వదలండి. మడమ లేవకుండా మోకాలు గోడకు తగలాలి. తగలకపోతే చీలమండ బిగుసుకుపోయినట్టే. అప్పుడు కూర్చుని లేచినా, దూకినా ఆ భారం మోకాలి మీద పడుతుంది. రెండు కాళ్లకూ తేడా ఉందేమో కూడా చూడండి. రోజూ ఇదే పది పదిహేనుసార్లు మెల్లగా చేస్తే కొన్ని వారాల్లో పట్టు సడలుతుంది.

తర్వాత తుంటి గురించి చెబుదామనుకున్నాను. కానీ అక్కడ మోకాలికి పట్టీ వేసుకుని కూర్చున్న అబ్బాయిని చూశాక నా మాట అటు పోవడం లేదు.

మా స్కూల్లో ఒక రైడర్ ఉండేవాడు. సెమీఫైనల్లో ఎవరూ ముట్టుకోకుండానే బోనస్ గీత దగ్గర గిర్రున తిరిగాడు. టప్‌మన్న శబ్దం గీత బయటున్న నాకు వినబడింది. గంటలో మోకాలు బూరెలా పొంగింది. నిర్వాహకుల్లో ఒకాయన "నరం పట్టేసింది మాస్టారూ, ఏం కాదు" అని నూనె మర్దన చేయించి, స్ప్రే కొట్టించి ఫైనల్ ఆడించారు. వద్దు వద్దని మొత్తుకున్నా నా మాట చెల్లలేదు. రెండో రైడ్‌లోనే మోకాలు జారింది. లిగమెంట్ అంటే ఎముకల్ని కలిపి పట్టుకునే నారలాంటి పట్టీ. అది తెగిన మోకాలితో ఆడిస్తే లోపల ఎముకల మధ్య ఉండే మెత్త కూడా చిరిగింది. కప్పు మాత్రం వచ్చింది! దాన్ని పట్టుకుని ఫొటో దిగినవాళ్లలో ఒక్కరూ ఆపరేషన్ ఖర్చుకు రాలేదు.

లిగమెంట్ తెగితే ఆట అయిపోయినట్టా? పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలు దెబ్బతింది. ఆపరేషన్లు చేయించుకుని 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. మావాడికి కరువైంది ఆ ఓపిక పట్టనిచ్చే మనుషులు.

అమ్మా, మీరు వినండి. శబ్దం, గంటల్లో వాపు, మోకాలు జారడం, వీటిలో ఏది కనబడినా పిల్లాణ్ణి బయటికి లాగండి, ఎవరేమన్నా సరే. కాలు బెణికి నాలుగడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించండి. మొదటి రెండు రోజులు మర్దనలూ కాపడాలూ వద్దు. ఐస్ గుడ్డలో చుట్టి పావుగంట పెట్టండి, కాలు ఎత్తులో ఉంచండి. లిగమెంట్ ఆపరేషన్ అయితే కనీసం తొమ్మిది నెలలు మ్యాచ్ మాటెత్తకండి.

నిర్వాహకులకు ఒక్క విన్నపం. ఫైనల్‌కు ముందు వార్మప్‌కు ఇరవై నిమిషాలివ్వండి. టైమ్ లేదంటారా, ఉపన్యాసాలు తగ్గించండి. నాది ఇక్కడితో ఆపేస్తున్నా. రెండు జట్లూ బూట్లు విప్పి ఆ గోడ దగ్గరికి రండి.