ఇసే వెళ్తే ఆ ఖాళీ స్థలం దగ్గర ఆగండి

అందరికీ నమస్కారం. నేను నేరుగా విషయంలోకి వస్తాను. జపాన్‌లో చూడదగ్గ గుళ్ల గురించి చెప్పమన్నారు. నేను ఒక్క ఇసే జింగూ గురించే, అంటే ఇసే ఊళ్లో ఉన్న షింతో గుళ్ల గురించే చెబుతాను.

మనవాళ్లు నగోయాలో రైలెక్కి ఇసే వెళ్తారు. గంట తిరిగి వచ్చి, "అక్కడ చూడ్డానికేం లేదండీ" అంటారు. ఆ మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నిజమే, గాలిగోపురం లేదు. రంగు వేయని హినోకి కలప, గడ్డి కప్పు. సూర్యదేవత అమతెరాసు కొలువున్న నైకూ, అంటే లోపలి గుడి చుట్టూ నాలుగు వరుసల కంచెలు. బయటి ద్వారం దగ్గర తెల్ల పరదా ముందు నిలబడి, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ వంగి దణ్ణం పెట్టుకోవాలి. మెట్లెక్కాక ఫోటోలు తీయనివ్వరు.

కానీ పక్కకు చూశారా? అంతే కొలతల ఖాళీ స్థలం. రాళ్లు పరిచి, మధ్యలో చిన్న చెక్క గూడు. 2013 దాకా అమ్మవారు అక్కడే ఉన్నారు. 2033లో మళ్లీ అక్కడికే వెళ్తారు! స్తంభాలను నేరుగా మట్టిలో పాతుతారు కాబట్టి అవి నానుతాయి. అందుకూ కావచ్చు, 690 నుంచి, ఇరవై ఏళ్లకోసారి పక్క స్థలంలో కొత్త గుడి కడుతున్నారు. యుద్ధాల కాలంలో నూట ఇరవై ఏళ్లకు పైగా ఆగిపోయినా మళ్లీ ఎత్తుకున్నారు. ఇరవై ఏళ్ల వడ్రంగి పని నేర్చుకుంటాడు, నలభైలో తానే చేస్తాడు, అరవైలో చిన్నవాళ్లకు చూపిస్తాడు. పాత నిట్టాళ్లనూ పారేయరు, నైకూకి వెళ్లే దారిలోని ఉజి వంతెన రెండు కొసల్లో తోరణ ద్వారాలుగా నిలబెడతారు. మీరు వాటి కిందనుంచే నడిచారండీ!

ఇంకో బాధ. ఒక టూర్ వాళ్లు మమ్మల్ని తీసుకెళ్లి, టైమ్ లేదని గెకూ వదిలేశారు. గెకూ అంటే అమ్మవారికి అన్నం పెట్టే తొయొఉకె దేవత గుడి. అక్కడ రోజూ రెండు పూటలా నైవేద్యం వండుతారు. మన యాగాల్లో అరణి మథించినట్టే, కర్రను కర్ర మీద తిప్పి నిప్పు పుట్టిస్తారు. దాన్ని వదిలేయడం ఏమిటి?

2033 కోసం క్రతువులు 2025లోనే మొదలయ్యాయి. పిల్లల్ని ఇప్పుడు ఒకసారి, అప్పుడు ఒకసారి తీసుకెళ్లండి. ముందు గెకూ, తర్వాతే నైకూ. గెకూలో దారికి ఎడమ పక్కన, నైకూలో కుడి పక్కన నడవాలి. ఆ ఖాళీ స్థలం ఏమిటో వాళ్లకు మీరే చెప్పండి, ఏ గైడుకీ వదలకండి.