అనుమతి అడగడం ఎక్కువైతే భద్రత ఎందుకు తగ్గుతుంది? విండోస్ విస్టా అనుభవం

[తెరపై: మసకబారిన డెస్క్‌టాప్, మధ్యలో అనుమతి అడిగే పెట్టె]

నమస్కారం. విండోస్ కంప్యూటర్‌లో కొత్త ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేయబోతే తెర మసకబారి, ఇది మీ కంప్యూటర్‌లో మార్పులు చేయవచ్చా అని అడిగే పెట్టె కనిపిస్తుంది. యూజర్ అకౌంట్ కంట్రోల్ అనే ఈ ఏర్పాటు 2007 జనవరిలో విండోస్ విస్టాతో ఇళ్లలోకి వచ్చింది. అప్పట్లో దాన్ని విసుక్కోనివారు అరుదు.

అంతకుముందు విండోస్ ఎక్స్‌పీ ఉన్న ఇళ్లలో ఎక్కువమంది అడ్మినిస్ట్రేటర్ ఖాతాతోనే పనిచేసేవారు కాబట్టి, వారు తెరిచిన ప్రతి ప్రోగ్రామూ, పొరపాటున తెరిచిన వైరస్‌తో సహా, సిస్టమ్ ఫైళ్లను మార్చగల పూర్తి అధికారంతో నడిచేది. విస్టా అడ్మినిస్ట్రేటర్ తెరిచిన ప్రోగ్రాములకు కూడా మామూలు అధికారమే ఇచ్చి, అంతకు మించి కావలసినప్పుడు మాత్రమే అడగడం మొదలుపెట్టింది. తెర మసకబారడం అలంకారం కాదు. ఆ సమయంలో మనకు కనిపించేది మామూలు ప్రోగ్రాములకు ప్రవేశం లేని వేరే డెస్క్‌టాప్ కాబట్టి, వైరస్ మన బదులు ‘ఎస్’ నొక్కలేదు.

[తెరపై: ఒకదాని వెంట ఒకటిగా అవే పెట్టెలు]

చిక్కంతా ఆ ప్రశ్న ఎన్నిసార్లు వస్తుందన్న దాంట్లోనే ఉంది. పూర్తి అధికారం ఎప్పుడూ ఉంటుందన్న ధీమాతో రాసిన పాత ప్రోగ్రాములు, నిజానికి అవసరం లేని పనులకు కూడా అనుమతి కోరేవి. ‘నాన్నా పులి’ కథలో లాగే, అడిగిన ప్రతిసారీ ప్రమాదమేమీ లేదని తేలడంతో జనం చదవకుండానే నొక్కడానికి అలవాటుపడ్డారు. అలా నొక్కిన అనుమతికి భద్రతాపరంగా విలువ లేదు.

అయినా విస్టా దారి సరైనదేనని నా అభిప్రాయం. ఆ విసుగు ప్రోగ్రాములు రాసేవారి మీద ఒత్తిడి తెచ్చింది. 2008లో మైక్రోసాఫ్ట్ వెల్లడించిన లెక్కల ప్రకారం, అనుమతి కోరే ప్రోగ్రాములు, పనుల సంఖ్య ఏడాదిలో సుమారు 7,75,000 నుంచి 1,68,000కు తగ్గింది. ప్రశ్నలు తగ్గడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు, ఎందుకంటే ఇక్కడ రక్షణ సడలలేదు, అనవసరంగా అధికారం కోరడం తగ్గింది.

2009లో వచ్చిన విండోస్ 7 మరో మార్గం పట్టింది. ఎప్పుడెప్పుడు అడగాలో మనమే ఎంచుకునే నాలుగు స్థాయిల స్లైడర్ (పై స్థాయిలో ప్రతిసారీ అడుగుతుంది, అట్టడుగున అసలు అడగదు) ఇచ్చి, డిఫాల్ట్ స్థాయిలో విండోస్‌కు చెందిన కొన్ని సొంత ప్రోగ్రాములు అడగకుండానే అధికారం పొందేలా చేసింది. విడుదలకు ముందు పరీక్షించే బీటా దశలోనే, ఒక హానికర ప్రోగ్రామ్ ఆ స్లైడర్‌ను చడీచప్పుడు లేకుండా కిందికి దించేయగలదని బయటపడింది. మైక్రోసాఫ్ట్ ఆ లోపాన్ని సరిదిద్దింది గానీ, అడగకుండా అధికారం పొందే ఆ ప్రోగ్రాములను వాడుకొని లోపలికి చొరబడే పద్ధతులు తర్వాత కూడా పుట్టుకొచ్చాయి.

[తెరపై: స్లైడర్ పై స్థాయికి జరుగుతుంది]

ఇప్పుడు ప్రశ్నలు బాగా తగ్గాయి కాబట్టి స్లైడర్‌ను పై స్థాయిలోనే ఉంచండి. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ అధికారం లేని స్టాండర్డ్ ఖాతా వాడితే మరీ మంచిది, అప్పుడు ఒక్క నొక్కుతో సరిపోదు, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఇవ్వాలి. పెట్టెలో పబ్లిషర్ ఎవరో తెలియదని ఉంటే, లేదా మీరు ఏ పనీ మొదలుపెట్టకుండానే అది కనిపిస్తే, ‘నో’ నొక్కండి.